సమాధానం: పిల్లలకీ, పెద్దలకీ, స్పీడోళ్లకీ కలిపి ఛారిటీ సైకిల్ రైడ్ రూటు

పిల్లలు, పెద్దలు, స్పీడుగా తొక్కేవాళ్లు అందరూ వచ్చే ఛారిటీ సైకిల్ రైడ్‌కి రూటు ఎలా వేయాలని అడిగారు కదా. మూడు గ్రూపులకి మూడు రూట్లు వద్దండీ, వాలంటీర్లు చాలరు. దారి ఒక్కటే పెట్టి, వెనక్కి తిరిగే చోట్లు మార్చండి. రాజమండ్రి పక్కన ధవళేశ్వరం కాటన్ మ్యూజియం దగ్గర మొదలుపెడితే పిల్లలు గోదావరి బ్యారేజీ దాటి బొబ్బర్లంకలో, మధ్యరకం వాళ్లు ఆత్రేయపురంలో (పూతరేకుల కోసమైనా ఆగుతారు), గట్టివాళ్లు రావులపాలెంలో వెనక్కి తిరుగుతారు.

ఎత్తులు లేవు, గేర్లతో పనిలేదు. ఇబ్బందల్లా గాలే. మధ్యాహ్నం సముద్రం వైపు నుంచి వీస్తుంది కాబట్టి ఉదయం 6 గంటలకే దక్షిణానికి బయల్దేరితే వెళ్లేటప్పుడు ఎదురుగాలి ఉండదు, ఆలస్యమైనవాళ్లకి వచ్చేటప్పుడు వీపున తోస్తుంది.

బ్యారేజీ మీద స్లాబు జాయింట్లను ఏటవాలుగా దాటొద్దు, సన్న టైరు ఇరుక్కుంటుంది. కాలవగట్టు మీద పిల్లల్ని నీటివైపు పోనివ్వకండి. కోతల రోజుల్లో రోడ్డు మీదే ధాన్యం ఆరబోస్తారు, దానిమీద బ్రేకు వేస్తే జారడమే. తేదీ ఆ నెలల్లో పెట్టకండి.

వెనకాల ఒక ట్రక్కు ఆటో, అందులో 20, 26 అంగుళాల, 700సి (సన్న టైర్ల రోడ్ సైకిళ్ల చక్రం సైజు) ట్యూబులు రెండేసి. ఊళ్లో షాపు పంపు ప్రెస్టా వాల్వుకి (రోడ్ సైకిల్ ట్యూబులకుండే సన్న వాల్వు) పట్టదు, ఇత్తడి అడాప్టరు మర్చిపోకండి.