తెరచాప పడవలో పిల్లలతో వెళ్లబోతున్న అమ్మాయికి

చి.సౌ. అమ్మాయికి, పెదనాన్న ఆశీస్సులు.

క్రిస్మస్ సెలవుల్లో బ్రిటిష్ వర్జిన్ దీవులకు వెళుతున్నారని, వారం రోజులు పడవ నువ్వే నడుపుతావని నాన్న చెప్పాడు. చాలా సంతోషం. కుటుంబంతో తొలిసారి వెళ్లేవారికి అంతకన్నా మంచి చోటు నాకు తెలియదు. సర్ ఫ్రాన్సిస్ డ్రేక్ ఛానల్‌కు రెండు వైపులా దీవులే కాబట్టి మహాసముద్రపు పెద్ద కెరటాలు లోపలికి అంతగా రావు. వెళ్లవలసిన దీవి కళ్లెదుటే ఉంటుంది. ఆటుపోట్ల తేడా అడుగుకు అటూ ఇటూ.

నీ ప్రయాణ పట్టికలో మాత్రం ఒక సంగతి మార్చాలి. సెయింట్ థామస్ నుంచి వేరే పడవలో వచ్చే మీ స్నేహితులను బుధవారం మధ్యాహ్నం ఒంటిగంటకు నార్మన్ ఐలాండ్‌లో కలుస్తామని రాశావు. ఇలా చోటునూ గంటనూ రెండింటినీ ఖాయం చేసుకోవద్దు. వాళ్లు వచ్చేది పడమటి నుంచి, అక్కడ గాలి వీచేది తూర్పు నుంచి, అంటే వాళ్లకు ఎదురుగాలి. పైగా సెయింట్ థామస్ అమెరికాది, నార్మన్ బ్రిటిష్ వారిది. కాబట్టి వాళ్లు ముందు జోస్ట్ వాన్ డైక్ వంటి రేవులో ఆగి, పసుపు జెండా ఎగరేసి, కస్టమ్స్ పని ముగించుకోవాలి. అది అయ్యేదాకా సరంగు, అంటే పడవ నడిపే పెద్ద, తప్ప ఎవరూ ఒడ్డున కాలు పెట్టకూడదు. ఆ వరుసలో ఎంతసేపు పడుతుందో ఎవరు చెప్పగలరు? మీరు ఎదురు చూస్తున్నారని వాళ్లు, వాళ్లు వచ్చేస్తారని మీరు, వెళ్లకూడని గాలిలో బయలుదేరతారు. ‘బుధ, గురువారాలు రెండూ నార్మన్ దగ్గరే ఉంటాం, ముందు వచ్చినవారు ఆగుతారు’ అని చెప్పుకోండి. దగ్గరికి వచ్చాక వీహెచ్‌ఎఫ్ రేడియోలో 16వ ఛానల్‌లో పిలిచి, వేరే ఛానల్‌కు మారి మాట్లాడుకోవచ్చు.

క్రిస్మస్ రోజుల గాలి గురించి కూడా చెప్పాలి. మామూలుగా పదిహేను ఇరవై నాట్లు (సముద్రం మీద వేగాన్ని కొలిచే లెక్క) ఉండే గాలి ఆ రోజుల్లో ఇరవై అయిదు దాటడం కద్దు. అప్పుడు తెరచాప కుదించి కట్టు. కుదించాలా వద్దా అన్న ఆలోచన వచ్చిందంటే ఆ క్షణమే కుదించు. అనెగాడాను ఈసారికి వదిలెయ్. పగడపు దిబ్బల మధ్య పరుచుకున్న చదునైన దీవి అది. మొదట నార్మన్, తరువాత కూపర్, ఆపైన వర్జిన్ గోర్డా. అంతా ఎదురుగాలి ప్రయాణమే కాబట్టి పిల్లలు అలసిపోతే మొహమాటపడకుండా ఇంజిను వేసుకో. తిరుగు దారిలో గాలి వెనక నుంచి తోస్తుంది. మధ్యాహ్నం రెండు గంటలకల్లా ఏదో ఒక బోయాకు (నీళ్ల మీద తేలే గుండుకు) పడవను కట్టేసి ఉండాలి. పొద్దు వాలేసరికి బోయాలు నిండిపోతాయి, వాలుటెండలో నీళ్ల కింది పగడం కనిపించదు.

నువ్వు నాలాగే హుస్సేన్ సాగర్‌లో నేర్చుకున్నదానివి. అక్కడ రేవు దారి చూపే బోయాలతో పని పడదు. కానీ భారత తీరపు పద్ధతి ఏ పుస్తకంలోనైనా చదివి ఉంటే జాగ్రత్త. మన తీరంలో రేవులోకి వచ్చే పడవకు ఎర్ర బోయా ఎడమన ఉండాలి. అమెరికా ఖండాల వైపు, ఈ దీవుల్లో కూడా, అది కుడిన ఉండాలి. కాగితం మీద రాసి చుక్కాని దగ్గర అంటించు.

నార్మన్ పడమటి ఒడ్డున గుహలు ఉన్నాయి. పిల్లలు జన్మలో మరచిపోరు. దీవే తూర్పు గాలికి అడ్డుగా నిలుస్తుంది కాబట్టి నీళ్లు నెమ్మదిగా ఉంటాయి, అయితే ఉత్తరం నుంచి శీతకాలపు పెద్ద కెరటాలు వచ్చిన రోజున ఆ జోలికి పోవద్దు. గుహలో అల పైకి లేస్తే తల రాతికి తగులుతుంది. పొద్దున తొమ్మిదికి ముందే వెళ్లండి, ఆ తరువాత యాత్రికుల పడవలు బారులు తీరతాయి. పార్కుల సంస్థ వేసిన బోయాల దగ్గర తొంభై నిమిషాలే ఆగాలి. నీళ్లలో పిల్లకొక పెద్దవారు ఉండాలి, ఇంకొకరు డింగీలో (వెంట ఉండే చిన్న పడవలో) కూర్చోవాలి, ఇంజిను ఆపి. నీళ్ల అడుగు కనబడనంత చీకటి ఉన్నచోట పిల్లల చేతికి టార్చి ఇవ్వు. లోపలికి వెళ్లాక ఒక్కసారి వెనక్కి తిరిగి చూడమను. గుహ ముఖం నుంచి పడే వెలుగులో నీళ్లు నీలంగా మెరుస్తుంటాయి, సన్నని చేపల గుంపులు ఆ వెలుగుకు అడ్డంగా కదులుతుంటాయి. ఆ ఒక్క చూపు కోసమైనా అంత దూరం వెళ్లవచ్చు.

అక్కడికి దగ్గర్లోనే ఇండియన్స్ అనే నాలుగు రాళ్లు నీళ్లలోంచి నిలువుగా లేచి ఉంటాయి. నోటిలో గొట్టం పెట్టుకుని తేలుతూ నీళ్ల కింద చూసే స్నార్కెల్‌కు నాకు గుహల కన్నా అదే ఇష్టం. ఆవాల పొడి రంగులో కనిపించే పగడాన్ని ముట్టుకుంటే ఒళ్లు మండుతుంది. అసలు ఏ పగడాన్నీ ముట్టుకోవద్దు, దాని మీద నిలబడవద్దు. సన్‌స్క్రీన్ పూసుకునే బదులు పిల్లలకు పొడుగు చేతుల ఈత చొక్కాలు వెయ్యి. కొన్ని రకాల సన్‌స్క్రీన్ పగడానికి చేటు. పక్కనున్న అమెరికా వర్జిన్ దీవుల్లో వాటిని 2020 నుంచి నిషేధించారు.

సాల్ట్ ఐలాండ్ దగ్గర 1867 అక్టోబరు తుపానులో మునిగిన రోన్ అనే ఓడ ఉంది. లోతు తక్కువ ఉన్న వెనుక భాగం పైనుంచే కనిపిస్తుంది.

ఒడ్డున మాంచినీల్ చెట్టు గురించి పిల్లలకు గట్టిగా చెప్పు. చిన్న పచ్చ ఆపిల్ లాంటి కాయలు. తింటే విషం, పాలు ఒంటికి తగిలితే బొబ్బలు. వానలో దాని కింద నిలబడినా చాలు. కూపర్ ఐలాండ్‌లో ఒక బే పేరే దాని పేరు.

మొదటి రెండు రోజులు అక్కడి సరంగును ఒకరిని పెట్టుకోమని నా మాట. అల్లుడుగారికి పడవ కొత్త కాబట్టి, తాడు కట్టడం ఆయన కూడా ఆ సరంగు దగ్గర నేర్చుకుంటారు. పడవ ఊపుకు వచ్చే వాంతుల మాత్ర బయలుదేరక ముందే వేసుకోవాలి, మొదలయ్యాక వేసుకుంటే దండగ. మొదటి రోజుకు పులిహోర కలిపి తీసుకెళ్లు, పడవ ఊగుతుంటే పొయ్యి దగ్గర నిలబడడం నీ వల్ల కాదు.

నీళ్ల కింద చూడడానికి పిల్లలు పెట్టుకునే మాస్కులు మాత్రం అక్కడ అద్దెకు తీసుకోవద్దు. ఈ వారమే కొని, ముక్కుతో గాలి పీలిస్తే పట్టీ లేకుండానే ముఖానికి అతుక్కుంటుందో లేదో చూడు. మీ ఈత కొలనులో రోజూ కాసేపు పెట్టించు. నీళ్లు లోపలికి వస్తే బెదరకుండా తీసి మళ్లీ పెట్టుకోవడం చిన్నవాడికి వచ్చాకే టికెట్లు ఖాయం చెయ్యి.

ఇట్లు,
మీ పెదనాన్న