మారుతి 800 రేసు దిగడం లేదు, కొండకు వెళ్లొచ్చా?

ప్రశ్న: మాది చిత్తూరు. 1997 మోడల్ మారుతి 800, కార్బురేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కు పంపేది) బండి. తిరుమల ఎక్కేటప్పుడు పెడల్ పూర్తిగా తొక్కినా లాగడం లేదు, కాలు తీస్తే రేసు వెంటనే దిగడం లేదు. మెకానిక్ కేబుల్ టైట్ చేశాక ఐడ్లింగ్ (పెడల్ తొక్కకుండా ఇంజన్ తిరిగే వేగం) కూడా పెరిగింది. వచ్చే వారం పిల్లలతో కొండకు వెళ్లాలి, టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: రేసు దిగని బండితో కొండకు మాత్రం వెళ్లకండి. ఎక్కడం ఎలాగో ఎక్కేస్తారు. దిగేది 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డులో కదా, ఆ మలుపుల్లో కాలు తీయగానే ఇంజనే బండిని పట్టి ఉంచాలి, త్రాటిల్ (పెడల్ తొక్కితే తెరుచుకుని ఇంజన్‌లోకి గాలి వదిలే ప్లేటు) కాస్త తెరుచుకుని ఉండిపోతే భారమంతా బ్రేకుల మీదే పడుతుంది.

ఇంజన్ ఆపి, చల్లారాక ఎయిర్ ఫిల్టర్ తీయండి. పైన కనిపించేది చోక్ ప్లేటు (చల్లగా ఉన్న ఇంజన్ స్టార్టవడానికి గాలి తగ్గించేది), దాని కింద ఉన్నదే త్రాటిల్. ఇంట్లో ఎవరినైనా పెడల్ పూర్తిగా తొక్కమని టార్చ్ వేసి చూడండి, త్రాటిల్ ప్లేటు నిటారుగా నిలబడాలి. నిలబడకపోతే కేబుల్ వదులై ఉండొచ్చు, లేదా పెడల్ కింద మ్యాట్ అడ్డుపడుతూ ఉండొచ్చు (ఇది చాలామంది చూడరు). తొక్కిన ప్రతిసారీ లోపల పెట్రోలు చిమ్ముతుంది, దగ్గర్లో బీడీ, అగ్గిపుల్ల ఉండకూడదు.

ఇప్పుడు కేబుల్‌ను కార్బురేటర్ లివర్ నుంచి విడదీసి లివర్‌ను చేత్తో తిప్పండి. టక్కున వెనక్కి వస్తే తప్పు కేబుల్‌ది. దాని కొన దగ్గర వేలితో తడిమితే తెగిన పోగు ముల్లులా గుచ్చుకుంటుంది, అలా ఉంటే నూనె పోసి సరిపెట్టుకోకుండా కొత్త కేబుల్ వేయించండి. లివరే బిగుసుకుంటే షాఫ్టుకు పట్టిన జిగురు మడ్డిని కార్బ్ క్లీనర్‌తో కడిగించి, స్ప్రింగు చూపించండి.

అడ్జస్ట్‌మెంట్ ఆ తర్వాతే. ఇంజన్ బాగా వేడెక్కి, చోక్ పూర్తిగా తెరుచుకున్నాక కేబుల్‌లో మూడు నుంచి ఐదు మిల్లీమీటర్ల వదులు ఉండాలి. మీ మెకానిక్ ఆ వదులు తీసేసినట్టున్నాడు, కాలు తీసినా కేబుల్ లివర్‌ను లాగే ఉంచుతోంది, ఐడ్లింగ్ పెరిగింది అందుకే. ఐడ్లింగ్ సరిచేయాల్సింది ఐడిల్ స్క్రూతో, కేబుల్‌తో కాదు.

దారిలో ఎప్పుడైనా రేసు ఇరుక్కుంటే క్లచ్ తొక్కి న్యూట్రల్ చేసి, బ్రేకు గట్టిగా పట్టి పక్కకు ఆపండి. బండి పూర్తిగా ఆగేదాకా తాళం మాత్రం తీయకండి, స్టీరింగ్ లాక్ పడుతుంది.