యానాంలో ఇల్లు చూసుకునే ముందు

చిరంజీవి మేనకోడలికి అత్తయ్య ఆశీస్సులు.

యానాంలో ఉద్యోగంలో చేరుతున్నావని, గోదావరి కనిపించే ఇల్లు అద్దెకు చూస్తున్నావని తెలిసి సంతోషించాను. ముప్పై ఏళ్లకు పైగా ఆ ఊళ్లో కాపురం చేసినదాన్ని కనుక చెబుతున్నాను, శ్రద్ధగా చదువు.

ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు గదులు, కుళాయిలు తర్వాత. ముందు గోడలు చూడు. అడుగున ఒక ఎత్తు వరకు రంగు మారి, సున్నం పొరలు లేస్తూ ఉంటే అది వరద నిలిచిన జాడ. 1986 ఆగస్టులో నీళ్లు ఎంతవరకు వచ్చాయో, 2022 జూలైలో ఎంతవరకు వచ్చాయో ఆ వీధిలోని పెద్దవాళ్లను అడుగు. ఇంటి యజమాని ఒక్కడి మాట మీద ఆధారపడవద్దు. పల్లం పూడ్చి కట్టిన ఇల్లయితే అద్దె తక్కువైనా వద్దు.

86లో నీళ్లు మా ఇంటికి వీధి వైపు నుంచి రాలేదు. వంటింట్లో పొయ్యి పక్కన కొంచెం తడి కనిపించింది. బిందె ఒలికిందనుకుని గుడ్డతో తుడిచాను. తుడిచినకొద్దీ తడి పెరిగింది. పెరటి తలుపు తీస్తే తులసికోట సగం మునిగి ఉంది. బియ్యం డబ్బా అటక మీదికి ఎక్కించేలోపే మోకాళ్ల లోతు వచ్చేసింది.

నువ్వు కర్నూలు పిల్లవు, తుంగభద్ర వరద నీకు తెలుసు. ఆ నీరు పైనుంచి వస్తుంది, కిందికి పోతుంది. యానాం సంగతి వేరు. గోదావరి పాయ అయిన గౌతమి నుంచి కోరంగి పాయ చీలే చోట ఉన్న ఊరది. సముద్రం ఊళ్లోకి కనిపించదు గానీ, రోజుకు రెండుసార్లు పోటు రేవు దాకా వస్తుంది. పొద్దున అయిదు మెట్లు కనిపించిన రేవులో మధ్యాహ్నానికి రెండే కనిపిస్తాయి. అందుకే వర్షాకాలంలో రెండు చూసుకోవాలి. ఒకటి ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర ఎంత నీరు వదులుతున్నారన్నది. 10 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. చూసుకోవాల్సిన రెండో సంగతి తిథి. అమావాస్యకో పౌర్ణమికో పోటు పెద్దదిగా ఉంటుంది. ఆ రోజుల్లో వరద వస్తే సముద్రం నీటిని తీసుకోదు, నది వెనక్కి ఎగదన్నుతుంది. ఊళ్లో ఎండ కాస్తున్నా సరే, రెండో హెచ్చరిక వినగానే సామాను పైకెక్కించు. ధవళేశ్వరంలో వదిలిన నీరు యానాం చేరేలోపు ఉన్న కొన్ని గంటలే నీకున్న వ్యవధి.

తుపాను గురించి ఒక్క మాట. 1996 నవంబరు 6 రాత్రి తుపాను కాకినాడకు దక్షిణాన తీరం దాటింది. మా పెరట్లో ఒక్క కొబ్బరిచెట్టూ మిగలలేదు. హోరు గాలి ఉన్నట్టుండి ఆగిపోతే తుపాను పోయిందనుకుని తలుపు తీయవద్దు. అది తుపాను కన్ను. కాసేపటికి గాలి ఎదురు దిక్కు నుంచి కొడుతుంది. కోరంగి మడ అడవులు చూడటానికి వెళ్లినప్పుడు ఆ చెట్ల వేళ్లు గమనించు. ఉప్పెన ఉధృతిని తగ్గించేవి అవే.

ఊరు పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలోది కనుక కొన్ని కాగితాలు 800 కిలోమీటర్లకు పైగా దూరంలోని పుదుచ్చేరికి వెళ్లి రావాలి, ముందుగానే పెట్టుకో. వైద్యానికి మాత్రం కాకినాడ దగ్గర, 30 కిలోమీటర్లే. ఆగస్టు 16 సెలవు. యానాం ఫ్రాన్సు నుంచి చట్టప్రకారం భారతదేశంలో విలీనమైన రోజది, 1962లో.

పులసకు తొందరపడవద్దు, కొత్తవాళ్లకు సముద్రంలో పట్టిన విలసను గోదావరికి ఎదురీదిన పులస అని అంటగట్టేవాళ్లు ఉంటారు. దసరా, దీపావళి రోజుల్లో చీరమేను వస్తుంది, అది కొనుక్కో. దారప్పోగుల్లాంటి సన్నటి చేపపిల్లలు. జల్లెడలో పోసి కడిగితే జారిపోతాయి, పలచటి గుడ్డలో వేసి, ఇసుక పోయేదాకా నాలుగైదు నీళ్లు మార్చు. చింతచిగురుతో వండు. మీ మామయ్యకు వాటితో గారెలు వేస్తే ఇష్టం.

ఇల్లు ఖాయం చేసే ముందు గోడ మీద ఆ జాడ ఎంత ఎత్తున ఉందో కొలిచి, నాకు ఫోను చెయ్యి. విన్నాక అడ్వాన్సు ఇద్దువుగాని.

మీ అత్తయ్య