'ఉండేదాన్ని' అంటే ఎప్పుడు?

చిరంజీవికి,

నీ ఇంగ్లీషు కథ చదువుతూ మూడో పేజీలో ఆగాను. స్టేషన్లో కూర్చున్న అమ్మాయి 'ఇఫ్ షి హ్యాడ్ కాట్ ద మార్నింగ్ ట్రైన్, షి వుడ్ హావ్ బీన్ ఎట్ హోమ్ నౌ' అనుకుంటుంది. థర్డ్ కండిషనల్ (షరతూ, ఫలితమూ రెండూ గడిచిపోయినవైనప్పటి 'ఇఫ్' వాక్యం) సూత్రం తు.చ. తప్పలేదు. కానీ 'వుడ్ హావ్ బీన్' వెనక్కి లాగుతుంటే 'నౌ' ముందుకు లాగుతోంది. అక్కడ 'వుడ్ బి' చాలు.

ఈ తడబాటు మన తెలుగులోంచే వస్తుంది. 'పొద్దున రైలు దొరికి ఉంటే ఇప్పుడు ఇంట్లో ఉండేదాన్ని' అంటాం. 'నిన్న రాత్రికే ఇంట్లో ఉండేదాన్ని' అనీ అంటాం. క్రియ ఒకటే, కాలం సంగతి 'ఇప్పుడు', 'నిన్న' చూసుకుంటాయి. ఇంగ్లీషులో ఆ బరువు క్రియ మోయాలి.

అందుకే వాక్యాన్ని రెండు ముక్కలు చేసి, ఒక్కోదాన్ని విడిగా 'ఎప్పుడు?' అని అడుగు. షరతు గడిచిపోయినదైతే 'హ్యాడ్', దాని వెంట వీ3 (క్రియ మూడో రూపం, 'స్పోకెన్', 'నోన్' లాంటివి). ఇప్పటిదో, మనిషి స్వభావమో అయితే సింపుల్ పాస్ట్. ఫలితం ఇప్పటిదైతే 'వుడ్' పక్కన మూలరూపం, గడిచినదైతే 'వుడ్ హావ్' పక్కన వీ3. రెండు జవాబులూ వేరైతే అదే మిక్స్‌డ్ కండిషనల్.

స్వభావం గురించిన రకం కథకుడికి బంగారం. 'ఇఫ్ హి వర్ బ్రేవర్, హి వుడ్ హావ్ స్పోకెన్ దట్ నైట్' అంటే మనిషే పిరికివాడు. 'ఇఫ్ హి హ్యాడ్ బీన్ బ్రేవర్' అన్నావా, ఆ రాత్రికి ధైర్యం చాలలేదంతే, తర్వాత మారాడేమో. ('వర్' బదులు 'వాజ్' సంభాషణలో చెల్లుతుంది. కథనంలో 'వర్' ఉంచు.)

కథ భూతకాలంలో నడుస్తోంది కదా అని 'వుడ్ బి'ని ఇంకో మెట్టు వెనక్కి నెట్టకు. పాత్ర మనసులోంచి చెబుతున్నప్పుడు అది అలాగే నిలుస్తుంది. నువ్వు జారింది అక్కడేనని నా అనుమానం.

'ఇఫ్ ఐ వుడ్ హావ్ నోన్' మాటల్లో వినిపిస్తుంది, కానీ ఎడిటర్ కొట్టేస్తారు. 'ఇఫ్' ముక్కలో 'హ్యాడ్ నోన్' రాయి. 'ఇఫ్ యు వుడ్ వెయిట్' అనే మర్యాద సంగతి వేరు. 'వుడ్ ఆఫ్' చెవి చేసే మోసం, అది 'వుడ్ హావ్'. అపాస్ట్రఫీతో కుదించిన 'ఐడ్' దగ్గర పక్క మాట చూడు: వీ3 ఉంటే 'హ్యాడ్', మూలరూపం ఉంటే 'వుడ్'. 'పుట్', 'కమ్' లాంటివాటికి రెండు రూపాలూ ఒకటే కాబట్టి అక్కడ కుదించకుండా పూర్తిగా రాసెయ్.

ఏడో పేజీలో అన్న పాత్ర చెప్పే మాట: 'ఇఫ్ ఐ డిడ్ నాట్ లవ్ యు, ఐ వుడ్ నాట్ కమ్ లాస్ట్ నైట్.' ప్రేమ ఇప్పటికీ ఉంది, కాబట్టి మొదటి ముక్క ముట్టుకోకు. రెండోది 'వుడ్ నాట్ హావ్ కమ్' చేసి పంపు.

ఆశీస్సులతో.