టెక్ సందేహాలు: సిటీ అల్లాయ్స్ స్విఫ్ట్‌కి పడతాయా?

ప్రశ్న: నాది 2019 స్విఫ్ట్ వీఎక్స్ఐ, స్టీల్ రిమ్ములు. మా బావ తన 2016 హోండా సిటీ 15 అంగుళాల అల్లాయ్స్ తీసుకోమంటున్నాడు. వీల్ సైజు యాప్‌లో చూస్తే రెండిటికీ 4×100 అనే ఉంది. వేయించుకోవచ్చా?

జవాబు: యాప్ చెప్పింది నిజమే. నాలుగు బోల్టులు, వాటి మధ్యగా గీసిన వృత్తం వ్యాసం 100 మిల్లీమీటర్లు. మెకానిక్‌లు పీసీడీ అనేది దీన్నే. అది కలిస్తే చక్రం స్టడ్‌ల (కారుకు బిగించి ఉండే మర బోల్టుల) మీదికి ఎక్కుతుంది, అంతవరకే.

అసలు పేచీ నట్టుతో. స్విఫ్ట్ స్టడ్ మర 12×1.25, హోండాది 12×1.5. అంటే లావు రెండిటిదీ 12 మిల్లీమీటర్లే, మర గీతల మధ్య దూరమే వేరు. బావగారి నట్లు తెచ్చి బిగిస్తే ఒకటి రెండు చుట్లు తిరిగి పట్టేస్తాయి. షాపు కుర్రాడు నట్లు బిగించే గన్ పెట్టి నొక్కాడంటే మర పోయినట్టే. పోనీ స్విఫ్ట్ నట్లే వాడదామా? వాటి కింది భాగం గరాటులా ఏటవాలుగా ఉంటుంది. హోండా కంపెనీ అల్లాయ్‌లో నట్టు కూర్చునే గుంట గుండ్రం. గుంటలో వేలు తిప్పి చూడండి, ఏటవాలుకూ గుండ్రానికీ తేడా చేతికే తెలుస్తుంది. ఈ రెండూ కలిస్తే నట్టు సన్నటి గీతంత మేర మాత్రమే ఆనుతుంది. బిగింపు కొలిచే టార్క్ రెంచి మామూలుగానే టక్కుమంటుంది, ఎవరికీ అనుమానం రాదు. వదులయ్యేది తర్వాత, రోడ్డు మీద.

మధ్య రంధ్రం కూడా సిటీకి 56.1, స్విఫ్ట్ హబ్‌కి (చక్రం కూర్చునే మధ్య బొడిపెకి) 54.1 మిల్లీమీటర్లు. ఆ సందు పూడ్చే హబ్ రింగులు దొరుకుతాయి, అది పెద్ద టెన్షన్ కాదు. కానీ గుండ్రటి సీటు, 1.25 మర రెండూ ఉన్న నట్ల కోసం ఊరంతా తిరగాలి. అంత అవస్థ ఎందుకు? స్విఫ్ట్ జెడ్ఎక్స్ఐ వాళ్లు మార్చేసిన 15 అంగుళాల అల్లాయ్స్ సెకండ్ హ్యాండ్‌లో చూడండి. 185/65 టైరు వేస్తే చుట్టుకొలత మీ 165/80 ఆర్14కి దాదాపు సమానం, స్పీడోమీటర్ కూడా అబద్ధం చెప్పదు. బావగారికి మాత్రం నచ్చజెప్పుకోవాలి!

ప్రశ్న: పాత అల్లాయ్స్ అమ్మే ఆయనకు పీసీడీ తెలియదట. ఐదు రంధ్రాలకు ఎదురెదురుగా టేపు పెట్టడం కుదరట్లేదు. ఎలా కొలవాలి?

జవాబు: ముందు చక్రం వెనక్కి తిప్పి చూడండి, చాలావాటి మీద ఆ అంకె పోతపోసే ఉంటుంది. లేకపోతే పక్కపక్క రంధ్రాల మధ్య ఖాళీ కొలిచి, ఒక రంధ్రం వ్యాసం కలపండి. వచ్చిన దాన్ని 0.588తో భాగిస్తే పీసీడీ. కలిపితే 67.2 వస్తే పీసీడీ 114.3, 65.8 వస్తే 112. తేడా 1.4 మిల్లీమీటర్లే కాబట్టి దర్జీ టేపుతో పని కాదు, డిజిటల్ కాలిపర్ తీసుకెళ్లండి. ఎలాగూ తీసుకెళ్తున్నారు కాబట్టి దాంతోనే మధ్య రంధ్రమూ కొలవండి. క్రెటా, బ్రెజా రెండూ 5×114.3 అయినా క్రెటా హబ్ 67.1, బ్రెజాది 60.1. క్రెటా చక్రం రింగుతో బ్రెజాకి సరిపెట్టొచ్చు. బ్రెజా చక్రం క్రెటా హబ్ మీదికి ఎక్కనే ఎక్కదు.