కోళ్ల దొడ్డిలో నేల మీద ఏం పరవాలి?

పది నాటు కోళ్లు, నల్లరేగడి పెరడు, చుట్టూ వల ఉంది గానీ పైకప్పు లేదు, గడ్డి వేయనా, ఊక పోయనా, ఇసుక తోలించనా అని అడిగారు. గడ్డి సంగతి మర్చిపోండి. మాది తణుకు దగ్గర పల్లె, నేలా అదే నల్లమట్టి. పన్నెండు కోళ్లను పచ్చటి గరిక మీద వదిలితే మూడు వారాల్లో వేళ్లతో సహా కెలికిపారేశాయి.

తర్వాత రైసు మిల్లు నుంచి ఊక తెచ్చి జానెడు మందాన పోశాను. వేసవంతా బాగుంది, వాసనే లేదు. తొలకరికి నాలుగు వానలు పడేసరికి అంతా ముద్దయిపోయి, కళ్లు మండేంత ఘాటు. ఆ వారమే రెండు కోడిపిల్లలు రక్తం రెట్ట వేసి చచ్చిపోయాయి. పశువుల డాక్టరు గారు చూసి కాక్సిడియోసిస్ అన్నారు, అంటే పేగుల్లో చేరే ఓ సూక్ష్మక్రిమి వల్ల వచ్చే జబ్బు. రెట్టలో పడ్డ ఆ క్రిమి తడిలో ముదిరి మిగతావాటికి అంటుకుంటుందట. తప్పు ఊకది కాదు, నీళ్లకు దారి చూపని నాది.

అందుకని ఈసారి ముందు నేల ఎత్తు చేశాను. పాత ఎరువుల సంచులు పరిచి, వాటి మీద అరడుగు ఇటుక ముక్కలు పోసి, ఒక పక్కకు వాలు పెట్టి, చివర చిన్న బోదె తీశాను. సంచులు లేకుండా నల్లమట్టి మీద నేరుగా పోస్తే ఇటుకా ఇసుకా ఒక్క వానాకాలంలో బురదలోకి దిగిపోతాయి. దొడ్డిలో కప్పు లేక వాన పడే సగంలో నాలుగంగుళాలు ఏటి ఇసుక పోశాను. రెట్ట ఎండి గట్టిపడుతుంది, పొద్దున్నే చెత్త లాగే పంజాతో తీసేస్తే సరి. రాళ్లను మరలో నలగ్గొట్టి చేసే రోబో ఇసుక మాత్రం వద్దు, దాని పొడి తడిసి సిమెంటులా గడ్డకట్టేసింది నాకు.

మిగతా సగానికి రేకులు వేసి, కింద ఊకే పోశాను. వారానికి రెండుసార్లు తిరగేస్తాను. గుప్పెట పట్టి నొక్కితే ఉండ కట్టిందంటే తడి ఎక్కువైనట్టు, కొత్త ఊక కలపాలి. వేరుశనగ తొక్కలు చవకే గానీ తడిస్తే బూజు పడతాయి, కోళ్లకు మంచిది కాదు.

ఎండాకాలం ఇసుక కాలిపోతుంది, పైన కొబ్బరి మట్టల పందిరి తప్పదు. నేను బీర పాదు కూడా ఎక్కించాను, అందినంత మేర ఆకులన్నీ కోళ్లే తినేశాయనుకోండి. పొర్లడానికి ఓ మూల పొయ్యి బూడిద, పొడిమట్టి కలిపి పోయండి, పేలు తగ్గుతాయి.