సమీక్షకు వచ్చిన పుస్తకాలు గుట్టపడితే...

ప్రశ్న: ఒక మాసపత్రికకు పుస్తక సమీక్షలు రాస్తుంటాను. నెలకు ఆరు పుస్తకాలైనా వస్తాయి. వారానికొకటి రాస్తున్నా గుట్ట తరగడం లేదు. జనవరి వచ్చిందంటే ఇక చెప్పనక్కర్లేదు. వేగంగా చదవడం నేర్చుకోవాలా?
– ఒక పాఠకురాలు, కొర్లగుంట, తిరుపతి

జవాబు: వేగం దీనికి మందు కాదు. లెక్క చూడండి. నెలకు ఆరంటే ఏడాదికి 72. వారం తప్పకుండా రాసినా 52. మీరెంత కష్టపడినా ఏటా 20 మిగులుతాయి. నూటయాభై పేజీల నవలకు, గంటకు ముప్పై పేజీల చొప్పున, అయిదు గంటలు. రాసి దిద్దడానికి ఇంకో మూడు. అంతకంటే తొందరపడితే కథాసంగ్రహం రాసి ‘అందరూ చదవాల్సిన పుస్తకం’ అని ముగించడమే అవుతుంది. అది రచయితకూ పాఠకుడికీ అన్యాయం.

అందుకే పుస్తకం ఇంటికొచ్చిన వారంలోపు రాస్తారో రాయరో తేల్చండి. ఒక పొడవాటి నోటుబుక్కులో వచ్చిన తేదీ, పేరు, రచయిత, పేజీలు, ఎవరు పంపారు (సంపాదకులా, రచయితేనా), మీ నిర్ణయం, గడువు, పంపిన తేదీ రాయండి. ‘ఎవరు పంపారు’ అన్న గడి ముఖ్యం. సంపాదకులు అప్పగించినవాటికి మాట ఇచ్చినట్టే, వాటిదే మొదటి వరుస. అడగకుండా వచ్చినవాటికి ఆ బాధ్యత లేదు.

తేల్చుకోవడానికి ఇరవై పేజీలు చాలు, కానీ ముందుమాటలు మాత్రం అప్పుడు చదవకండి. మన పుస్తకాల్లో మూడు నాలుగు ముందుమాటలుండడం మామూలే. అవి చదివాక వాటిలోని మాటలే మన సమీక్షలోకి జారుకుంటాయి. కథల సంపుటిలో మొదటి కథ, శీర్షిక కథ, చివరి కథ చూడండి. కవిత్వమైతే అయిదారు కవితలు పైకి చదవండి. ఆ తర్వాత పుస్తకాన్ని మూడింట్లో ఒక దారి పట్టించండి: పూర్తి సమీక్ష, నలభై మాటల పరిచయం, లేదా ‘అందిన పుస్తకాలు’ జాబితా. జాబితాను చిన్నచూపు చూడొద్దు. పేరు, పేజీలు, వెల, ప్రతులు దొరికే చిరునామా తప్పుల్లేకుండా అచ్చయితే కొనేవాడికి అదే ఎక్కువ ఉపయోగం. నానీల (నాలుగు పాదాల చిట్టి కవితల) పుస్తకాలు మూడొచ్చాయని ఒకే సమీక్షలో కలిపేయకండి. పోలికలతోనే చోటు అయిపోయి మూడింటికీ న్యాయం జరగదు.

చదివేటప్పుడు పుస్తకంలో గీతలు గీయకుండా విడి చీటీ మీద పేజీ సంఖ్యలు వేసుకోండి. పూర్తయిన రెండు రోజుల్లోపు చిత్తుప్రతి రాయండి. నెల ఆగితే మళ్లీ చదవాల్సి వస్తుంది. చాలామంది గుట్టలో సగం ఇలా చదివేసి, రాయకుండా ఆగినవే.

జనవరి సంగతి: విజయవాడ, హైదరాబాద్ పుస్తక ప్రదర్శనలకు అందాలని ఆ ముందు నెలల్లో ముద్రణ జోరుగా సాగుతుంది. ఫిబ్రవరి, మార్చిలో వేరే రాతపని ఒప్పుకోకండి.

ప్రశ్న: ఊళ్లో రచయితలంతా తెలిసినవాళ్లే. సభల్లో కనబడి ‘మా పుస్తకం ఎప్పుడు సార్?’ అంటారు. ఏం చెప్పాలి?
– ఒక పాఠకుడు, బైరాగిపట్టెడ, తిరుపతి

జవాబు: వాళ్లు అడిగేదాకా ఆగకండి. పది రోజుల్లోపు మీరే సందేశం పంపండి: ‘పుస్తకం అందింది. రాయలేకపోతున్నాను. వివరాలు జాబితాకు పంపాను.’ కాదనిపించుకోవడం కంటే ఏడాది ఎదురుచూడటమే రచయితను ఎక్కువ నొప్పిస్తుంది. ‘చూద్దాం’ అన్న మాట అసలు వాడొద్దు. మీరు ముందుమాట రాసిన పుస్తకానికి సమీక్ష రాయకూడదు. ఎంత దగ్గరివాళ్లయినా ఇందులో మినహాయింపు లేదు.

ప్రశ్న: రాసేసిన పుస్తకాలు గోడవారగా పేర్చాను. వానాకాలంలో అడుగువి చెదలు పట్టాయి. కొన్ని ఎవరికైనా ఇచ్చేస్తే మంచిదా?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: చెదలు గోడ, నేల నుంచే మట్టిదారి కట్టుకుని వస్తాయి. నాఫ్తలీన్ ఉండలకు ఆగవు. గోడకు నాలుగంగుళాలు, నేలకు ఆరంగుళాలు ఎడంగా ఇనుప ర్యాకు పెట్టండి. పడుకోబెట్టి పేరిస్తే వరుసకు పదికి మించొద్దు. మన జిల్లాల్లో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల తేమ ఉంటుంది. ఆ నెలల్లో ప్లాస్టిక్ కవర్లో బిగించి కడితే లోపల బూజు పడుతుంది. బూజు పట్టినవాటిని నీడలో, గాలి తగిలేచోట ఆరబెట్టి, ఆరాక ఆరుబయట మెత్తని బ్రష్‌తో దులపండి. ఎండలో పెడితే కాగితం పచ్చబడుతుంది, అట్ట జిగురు పగులుతుంది.

ఇచ్చేయడం మంచిదే. శాఖా గ్రంథాలయాన్నో కళాశాల తెలుగు శాఖనో ముందుగా అడిగి, జాబితా రాసి ఇవ్వండి. మీ దగ్గరున్నదే ఆఖరి ప్రతేమోనన్న బెంగ వద్దు. 1954 నాటి చట్టం ప్రకారం, అచ్చయిన 30 రోజుల్లోపు ప్రచురణకర్త కలకత్తా జాతీయ గ్రంథాలయానికి, చెన్నై కన్నెమరా గ్రంథాలయానికి ప్రతులు పంపాలి. పంపారో లేదో రచయితను అడగండి. సొంతంగా అచ్చేసుకున్నవాళ్లకు ఈ సంగతి గుర్తుచేయడం మేలు. పాత పేపర్లవాళ్లకు మాత్రం వేయకండి. రచయిత సంతకం చేసి మీ పేరు రాసిచ్చిన పుస్తకం ఫుట్‌పాత్ మీద అతని కంటే పడితే ఆ బాధ చిన్నది కాదు. సంతకమున్న పేజీ చింపడమూ తప్పే. అలాంటివి మీ దగ్గరే ఉంచుకుని, సమీక్షకని వచ్చే రెండో ప్రతిని గ్రంథాలయానికి ఇవ్వండి.